పన్నెండో రోజుతో దుఃఖం ఆగిపోవాలా?

మూడు గ్రూపుల్లో, ఆరుగురి దగ్గర్నుంచి ఒకటే మెసేజి. అమ్మో నాన్నో పోయినవాళ్ళు డిప్రెషన్‌లో పడకుండా ఐదు సూత్రాలట. ఏడవకండి. పన్నెండో రోజు దాటాక పోయినవాళ్ళ ఊసెత్తకండి. ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళకి మళ్ళీ రావడం ఖాయం. డాక్టరిచ్చిన మందులు అలవాటైపోతాయి, వెంటనే మానెయ్యండి. పొద్దున్నే నడవండి, రాత్రి పసుపు పాలు తాగండి.

నాకు 2019లో డిప్రెషన్ వచ్చి తగ్గింది. మొన్న సంక్రాంతికి ముందు అమ్మ పోయింది. అందుకే జవాబు నేను రాస్తున్నాను.

నడక మంచిదే, నేనూ నడుస్తున్నాను. పసుపు పాలు మీ ఇష్టం.

ఏడవొద్దన్నవాళ్ళు శ్రీకాకుళంలో ఒక్క చావింటికీ వెళ్ళలేదా? మా వీధి ఆడవాళ్ళు నా మెడ పట్టుకుని, అమ్మ పెట్టిన చేపల పులుసు దగ్గర్నుంచి ఎత్తుకుని రాగం తీసి ఏడ్చారు. ఆ రోజు నాకు ఊపిరాడింది ఆ కాసేపే.

పన్నెండో రోజు విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. కర్మ అయ్యేదాకా ఇంటినిండా జనం, వంటలు, సామాన్ల లెక్కలు. అవే నన్ను నిలబెట్టాయి. అసలు కష్టం పదమూడో రోజున, పెద్దమ్మ పలాస బస్సెక్కాక మొదలైంది. కానీ ఆ పన్నెండు రోజులు పెట్టిన పెద్దలే నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం కూడా పెట్టారు కదా. 2022లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఎంతకీ తీరని దుఃఖాన్ని జబ్బుల జాబితాలో చేర్చినప్పుడు కూడా, దుఃఖపడేది పిల్లలు కాక పెద్దవాళ్ళైతే కనీసం 12 నెలలు గడవాలంది. మరి పన్నెండు రోజుల గడువు ఎవరిచ్చారు?

మళ్ళీ రావడం ఖాయమన్న మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. మొదటిసారి వచ్చినవాళ్ళలో ఇంచుమించు సగం మందికి మళ్ళీ వస్తుంది. అంటే మిగతా సగం మందికి రాదు. దీన్ని ఖాయం అంటారా? అమ్మ దువ్వెన కనబడితే గుండె పిండేస్తుంది, గంట తర్వాత మేనల్లుడి మాటలకి నవ్వొస్తుంది. 2019లో ఆ నవ్వు లేదు. నేను బతికి దండగ అనే ఒకే ఆలోచన ఉండేది. ఈ తేడా డాక్టరు చెప్పాకే నా భయం సగం తగ్గింది. తెల్లారుజామున మూడింటికి మెలకువ రావడం, స్నానం వాయిదా వెయ్యడం, ఫోనెత్తకపోవడం, ఇవి నాకు ముందొచ్చే గుర్తులు. కాగితం మీద రాసి చెల్లికిచ్చాను. రెండు వారాలు వరసగా కనిపిస్తే నన్నడక్కుండానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను.

ఇక నాలుగోది. మా గ్రూపులో ఒక కుర్రాడికి పోయిన నెల నాన్న పోయాడు. డిప్రెషన్‌కి ఎసిటలోప్రామ్ వాడుతున్నాడు. ఈ మెసేజి చూసి, "అప్పా, మానెయ్యమంటావేటి?" అని రాత్రి పదకొండింటికి నన్నడిగాడు. మీరు నొక్కిన ఫార్వర్డ్ అక్కడిదాకా వెళ్ళింది. ఆ మందు పనిచెయ్యడానికే రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, పదేపదే వచ్చినవాళ్ళని ఇంకా ఎక్కువ కాలం. ఒక్కసారిగా ఆపితే తల తిరగొచ్చు, తలలో కరెంటు కొట్టినట్టుండొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. అందుకే డాక్టర్లు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఆందోళన తగ్గడానికిచ్చే అల్ప్రాజోలం లాంటివి అలవాటవుతాయి, అది నిజం. కానీ రోజూ వాడేవాళ్ళు వాటిని కూడా ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఆ రాత్రి అతను నన్నడక్కుండా మాత్రలు పారేసుంటే, పొద్దున్న వాళ్ళమ్మకి మీలో ఎవరు జవాబు చెప్పేవారు?

అర్ధరాత్రి ఎవరినడగాలో తెలియనివాళ్ళు 14416కి చెయ్యండి. అది టెలీమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫార్వర్డ్ చెయ్యాలనుంటే ఈ నంబరు చెయ్యండి.

ఆ కుర్రాడు మాత్ర వేసుకుంటున్నాడు. ఇంకా మన గ్రూపులోనే ఉన్నాడు. ఆ మెసేజి ఎవరు పెట్టారో వాళ్ళు ఈ రాత్రికే తీసెయ్యండి.