బిగిసిన మెడకు ఎరుక చాలునా?

తిరుమల కల్యాణకట్టలో గంటల తరబడి మెడ వంచి తలనీలాలు తీసే క్షురకుల నొప్పి, పని ఒత్తిడిపై ఇద్దరు తిరుపతి ఫిజియోథెరపిస్టుల వాదం. ఆ క్షురకులకు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఒంటినీ ఊపిరినీ ఎరుకతో గమనించుకోవడం, నేర్పాలన్నది శైలజ మాట.

మునిరత్నం: బ్రహ్మోత్సవాలప్పుడు క్యూ తరగదు, వంచిన మెడ ఎత్తే సందుండదు. అట్లాంటి మనిషికి మైండ్‌ఫుల్‌నెస్ నేర్పితే, లోపం పనిలో కాదు నీలోనే ఉందని చెప్పినట్టే మేడమ్. నేనొప్పుకోను.

శైలజ: వ్యాయామం మాని ధ్యానం చేయమనడం లేదు సార్. వ్యాయామంలోనే ఎరుక ఉండాలంటాను. ఒత్తిడిలో మెడ నుంచి భుజాల దాకా ఉండే ట్రెపీజియస్ కండరం బిగిసి భుజాలు చెవులవైపు లేస్తాయి, ఆ సంగతి అతనికే తెలియదు. తెలియని బిగువు ఎట్లా వదులుతాడు? అందుకే ముందు భుజాలు 5 సెకన్లు ఎత్తించి, 10 సెకన్లు వదిలిస్తా. ఆ తేడా పట్టుబడినాకే గడ్డం వెనక్కి లాగడం: 5 సెకన్లు పట్టి, 10 సార్లు. దవడ బిగించానా, ఊపిరి ఆపానా అని ప్రతిసారీ అతనే చూసుకోవాలి.

మునిరత్నం: ఊపిరి అనగానే కొందరు గట్టిగా పీలుస్తారు. తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

శైలజ: వేగంగా, లోతుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దానివల్లే. మామూలు గాలే ముక్కుతో 4 సెకన్లు తీసుకుని 6 సెకన్లు వదలాలి. తల తిరిగితే ఆపేయాలి.

మునిరత్నం: ఆ తిమ్మిరి మెడలో నరం నొక్కుకుని వస్తా ఉంటే? ఒత్తిడేలే అని పంపేస్తే అన్యాయం.

శైలజ: నిజమే. చేతిలో పట్టు తగ్గినా, నడక తూలినా, మూత్రం ఆపుకోలేకపోయినా ముందు డాక్టరు పరీక్షే. అందులో రాజీ లేదు.

మునిరత్నం: ఆధారమో?

శైలజ: 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఉంది. దీర్ఘకాల నడుమునొప్పి ఉన్న 342 మంది. 26 వారాలకు రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ మెరుగు మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ బృందంలో 60.5 శాతానికి, మామూలు వైద్యంలో 44.1 శాతానికి.

మునిరత్నం: అది నడుము, ఇది మెడ. పైగా అక్కడ వారానికి 2 గంటల తరగతి, 8 వారాలు. మన ఓపీలో అంత సమయమేదీ? గంటకోసారి 2 నిమిషాల విరామం, కూర్చునే ఎత్తు సరిచేయడం, ఇవి ముందు అడగాల.

శైలజ: అడుగుదాం, నేనూ వస్తా. అంతవరకూ ఒక్కో భక్తుడికి కొత్త బ్లేడు వేసేటప్పుడల్లా భుజాలు దించి, ఒక్క నిదానపు శ్వాస తీసుకోమందాం. నొప్పికి 10కి ఎంతో అతన్నే అంకె వేయమంటా; 4 వారాల్లో అది 2 పాయింట్లయినా తగ్గకపోతే పద్ధతి మారుస్తా.

మునిరత్నం: తగ్గింది రద్దీ తగ్గినందుకా, మీ శ్వాసకా? ఎట్లా తేలుస్తారు?

శైలజ: రద్దీ రోజు, మామూలు రోజు, సెలవు రోజు అంకెలు విడివిడిగా రాయిస్తా. రద్దీ రోజున తగ్గితేనే లెక్కలోకి తీసుకుందాం.