ఏ బోరు నీళ్లు తాగారని ఎవరూ అడగలేదు

నిరుడు వేసవిలో మా నాయిన నేనుండే కౌలాలంపూర్ వచ్చారు. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ దగ్గర పల్లె. వయసు 69. వచ్చిన రెండో వారమే ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఫుల్ బాడీ చెకప్‌కి తీసుకెళ్లాను. "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న గదా" అన్నారు. నేను వినలేదు. ఏడాదంతా పక్కన లేని బాకీని ఒక్క పూటలో మిషన్ల చేత తీర్పించేద్దామనే తొందర మనలో చాలామందికి ఉంటుంది. నాకు కాస్త ఎక్కువే.

కౌంటర్లో బేసిక్, గోల్డ్, ప్లాటినమ్ అని మూడు ప్యాకేజీలు చూపించారు. కన్నతండ్రికి బేసిక్ చాలు అనడానికి నోరెలా వస్తుంది? ప్లాటినమ్ అన్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది.

ఫారం నేనే నింపాను. సిగరెట్ తాగుతారా, మందు తాగుతారా, బీపీ, షుగర్, ఆపరేషన్లు, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా. అన్నిటికీ లేదు, లేదు అని టిక్ పెట్టుకుంటూ పోయాను. (కల్లు మందు కిందికి వస్తుందా రాదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని పంచాయితీ.) పుట్టింది ఎక్కడ, యాభై ఏళ్లు ఏ నీళ్లు తాగారు అనే గడి ఆ ఫారంలో లేదు. ఉండాలని నాకూ తట్టలేదు.

నడుము పట్టేస్తుందని ఆయన అన్నారని వెన్నెముక ఎక్స్‌రే కూడా తీశారు. ఎముకలు ఉండాల్సిన దానికంటే తెల్లగా, చిక్కగా ఉన్నాయట. రక్తపరీక్షలో, మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి ప్రోస్టేట్‌కి సంబంధించిన పీఎస్ఏ కొంచెం ఎక్కువుంది. కుర్ర డాక్టరు చాలా మర్యాదగా, చాలా మెల్లగా చెప్పాడు: ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో చూడాలి. తర్వాత ఎమ్మారై. తర్వాత బోన్ స్కాన్. ఆ స్కాన్‌లో ఒళ్లంతా దీపాలు పెట్టినట్టు వెలిగింది. పన్నెండు రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నాయినకు మేం చెప్పలేదు గానీ, ఆయనకు అర్థం కాలేదని నేననుకోను. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు ఇది పాత జబ్బు లెక్క, మాకు సంబంధం లేదన్నారు.

చివరికి ఎముకల విభాగంలో ఒక పెద్ద వయసు డాక్టరు ఫిల్ములన్నీ పక్కన పెట్టి, ఈయన ఎక్కడ పెరిగాడని అడిగాడు. నల్గొండ అన్నాను. స్పెల్లింగ్ అడిగి కంప్యూటర్లో కొట్టాడు. మా జిల్లా పేరుతో మొట్టమొదట వచ్చింది ఊరు కాదు, 'నల్గొండ టెక్నిక్'. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతి. 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' దాన్ని తయారుచేసి మా జిల్లా పేరు పెట్టింది. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడి చూశారు. ప్రపంచానికి మేం తెలిసింది మా రోగం పేరుతోనే.

ఆయన ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించాడు. ప్లాటినమ్‌లో లేని, అన్నిటికంటే చవకైన పరీక్ష అది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టి గట్టిపడి ఉంది. ఫ్లోరోసిస్‌కు అది పెద్ద గుర్తు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు, పళ్లకు పట్టే జబ్బు అది. తర్వాత గడ్డం ఛాతీకి ఆనించమన్నాడు. ఆనలేదు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోమన్నాడు. చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. మా ఊరి స్కూల్లో ఫ్లోరైడ్ సర్వేకి వచ్చినవాళ్లు మాతో చేయించినవి కూడా ఇవే. పైసా ఖర్చు లేదు. ఎముకలు చిక్కబడటం, బోన్ స్కాన్ వెలగడం రెండూ ఫ్లోరోసిస్‌లో ఉంటాయట. ప్రోస్టేట్ ఎమ్మారైలో ఏమీ లేదు. ఆ వయసులో గ్రంథి మామూలుగా పెరిగినా పీఎస్ఏ పెరుగుతుంది.

నాయినకు కట్టుడు పళ్లు. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే గారపళ్లు నోట్లో ఉండి ఉంటే మొదటి రోజే ఎవరో ఒకరు అడిగేవారేమో.

ఆసుపత్రిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ కుర్ర డాక్టరు తన దేశం మనిషిని చూసినట్టే చూశాడు. తెల్లబడిన ఎముకలు, పెరిగిన పీఎస్ఏ కనిపిస్తే ఎవరైనా ముందు క్యాన్సరే అనుకోవాలి. ఇక్కడ పళ్లు పుచ్చకుండా సర్కారే కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతుంది, లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము. మన దేశంలో వేరే నీళ్లు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా సరే అంటారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు బోర్లు ఆ గీత ఎన్నడో దాటేశాయి. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉన్నా మా నాయిన తరం తాగింది ఆ బోర్ల నీళ్లే. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లలు బాగుపడుతున్నారు, సంతోషం. అరవై దాటినవాళ్ల ఎముకల్లో చేరింది మాత్రం అంత తేలిగ్గా పోదు.

అందుకే నా మాట ఇది. తల్లిదండ్రులను పిలిపించుకుని చెకప్ చేయించాలనుకుంటే ప్యాకేజీ కంటే ముందు వాళ్ల బతుకు కథ ఒక కాగితం మీద రాయండి: ఏ ఊరు, ఏ నీళ్లు, ఏ పని, ఏ గోళీలు. ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘంలో పాలమూరు మిత్రుడొకరు ఉన్నారు. వాళ్ల నాన్న వలసపోయి ఏళ్ల తరబడి రాళ్ల క్రషర్ల దగ్గర పనిచేశారు. ఆయనకు అడగాల్సింది ఊపిరితిత్తుల ఎక్స్‌రే, ఊదించి చూసే పరీక్ష. మా ప్రాంతంలో మా అమ్మ వయసు ఆడవాళ్లకు ఎముకల సాంద్రత పరీక్ష చేసి నంబరు చాలా బాగుందంటే మురిసిపోకండి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక చిక్కగా ఉంటుంది గానీ పెళుసుగా కూడా ఉంటుంది.

ప్లాటినమ్‌లో సీఈఏ, సీఏ 19-9 లాంటి ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ జాడ చెప్పే రక్తపరీక్షలు కూడా ఉన్నాయి. ఏ లక్షణమూ లేనివాళ్లలో క్యాన్సర్ వెతకడానికి అవి పనికిరావు, టెన్షన్ పెట్టడానికి బాగా పనికొస్తాయి. అసలు జనరల్ చెకప్‌ల మీద రెండున్నర లక్షల మందితో జరిగిన అధ్యయనాలను వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 2019లో కలిపి చూస్తే, చేయించుకున్నవాళ్ల ఆయుష్షు పెరిగినట్టు కనిపించలేదు. అలాగని ఏదీ వద్దనడం లేదు. బీపీ, మూడు నెలల షుగర్ సరాసరి, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రపరీక్ష, వయసును బట్టి పేగు క్యాన్సర్ పరీక్ష, ఆడవాళ్లకు మామోగ్రామ్. వీటికి ప్లాటినమ్ అక్కర్లేదు, వీటిలో చాలావరకు నల్గొండలోనే అవుతాయి. ఏదైనా తేలితే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది, నిమ్స్ ఉంది, వెంట నడిచే చుట్టాలున్నారు. ఇక్కడే చేయిస్తామంటే వచ్చిన మొదటి వారంలో చేయించండి, టికెట్ ముందు వారంలో కాదు. స్కాన్ల సీడీ అడిగి తీసుకోండి.

ఇంకొక సంగతి. క్యాన్సర్ కాదని తేలిన రాత్రి ఆ లావుపాటి రిపోర్టు మొదటిసారి కుదురుగా చదివాను. నాలుగో పేజీలో క్రియాటినిన్ 1.8 అని ఉంది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు. క్యాన్సర్ వెంట పరుగెత్తుతూ అందరం దాన్ని దాటేశాం. నడుము నొప్పికి మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చే గోళీలు పదేళ్లుగా రోజూ రెండు వేసుకుంటున్నారని అప్పుడు అడిగితే చెప్పారు. ఇక్కడికి కూడా ఒక డబ్బా తెచ్చుకున్నారు, మామిడికాయ తొక్కు సీసా పక్కనే. ఏళ్ల తరబడి వేసుకుంటే కిడ్నీలను తినేసే మందులవి. ఏ మందులు వాడుతున్నారన్న గడి మాత్రం ఫారంలో ఉంది. అక్కడా లేదు అని రాసింది నేనే.

ఇప్పుడు నల్గొండలో మూడు నెలలకోసారి క్రియాటినిన్ చూపిస్తున్నారు. మొన్నటిది 1.5. ఆదివారం ఫోన్లో అడిగాను, గోళీలు నిజంగానే మానేశారా అని.

"మానేసిన బిడ్డా. గని ఆర్ఎంపీ నన్ను జూస్తే మొఖం తిప్పుకొని పోతుండు."