ఇల్లు చూడ్డానికి 20 నిమిషాలు ఎక్కువే

చెప్పులు కొనేటప్పుడు రెండు కాళ్లకూ తొడుక్కుని, కొట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూసుకుంటాం. ఫోన్ కొనాలంటే వారం రోజులు వీడియోలు చూస్తాం. ఇల్లు కొనడానికి మాత్రం 20 నిమిషాలు. 20 ఏళ్ల అప్పుకు ఏడాదికో నిమిషం చొప్పున లెక్క కూడా చక్కగా కుదిరింది. ఇంత హాయైన పద్ధతిని ఈమధ్య కొన్ని అనుమానపు పక్షులు చెడగొడుతున్నాయి. వాళ్ల ఆగడాలను నలుగురి దృష్టికీ తేవడం మా బాధ్యతగా భావిస్తున్నాం.

ముందుగా, వేట ఎప్పుడు మొదలుపెట్టాలన్న విషయం. అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి మూడు వారాలు మిగిలినప్పుడో, తోటి ఉద్యోగి కొత్తింటి తాళంచెవితో ఫొటో పెట్టిన రాత్రో మొదలుపెట్టడం మర్యాద. గడువు మెడమీద ఉంటే బేరమాడే ఓపిక ఉండదు, అమ్మేవారి మనసు నొచ్చుకోదు. అనుమానపు పక్షులకు ఈ మర్యాదలు పట్టవు. వాళ్లు తొమ్మిది నెలలో, ఏడాదో ముందే మొదలుపెడతారు. పైగా మొదటి కొన్ని నెలలు ఒక్క ఇల్లూ చూడరు! మన అప్పుల చరిత్రంతా ఉండే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని, ఎప్పుడో తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తోందా అని వరసవరసా వేలు పెట్టి చదువుతారు. తప్పుంటే దిద్దించడానికి వారాలు పడుతుందట, బ్యాంకు గుమ్మం ఎక్కాక తెలిస్తే ఇల్లు చేజారుతుందట. కారు కొనడం వాయిదా వేస్తారు. కొత్త క్రెడిట్ కార్డు ఇస్తామన్నా వద్దంటారు. బ్యాంకు చూసేది జీతం ఎంతని కాదనీ, అందులో పాత వాయిదాలు పోగా ఏం మిగులుతుందనీ వీళ్ల వాదన. అన్ని వాయిదాలూ కలిపి చేతికొచ్చే జీతంలో 40 శాతం దాటకుండా చూసుకుంటారు. మంజూరు మధ్యలో ఉద్యోగం మారితే కథ మళ్లీ మొదటికొస్తుందని, మంచి ఉద్యోగమొచ్చినా నాలుగు నెలలు ఆగమంటారు.

వీళ్ల అలవాట్లలో మాకు అసలు మింగుడుపడనిది ఇంకోటి ఉంది. ఇల్లు లేకుండానే వాయిదా కట్టడం! రాబోయే ఇంటి అప్పు ఈఎంఐ (నెల వాయిదా)లోంచి ఇప్పటి అద్దె తీసేసి, ఆ తేడాను ప్రతి నెలా ఒకటో తేదీనే వేరే ఖాతాలో వేస్తారు. ఇలా 6 నెలలు. మూడో నెలలో ఆ ఖాతాలో చెయ్యి పెట్టాల్సొస్తే, తాము అనుకున్న ఇంటి ధర తమ తాహతుకు మించిందని ఒప్పుకుని తగ్గించుకుంటారు. మనమైతే ఆలు లేదు చూలు లేదు అన్నట్టున్న దశలోనే కర్టెన్ల రంగు దగ్గర ఇంట్లో గొడవపడి, అది తేల్చుకుని మరీ బయల్దేరతాం. ఎవరి ముందుచూపు గొప్పదో పాఠకులే చెప్పాలి.

లెక్కలంటే వీళ్లకు మహా సరదా. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో లక్ష అప్పు తీసుకుంటే నెల వాయిదా సుమారు 900. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 150. ఐదేళ్లలో 54,000 కట్టాక తగ్గిన అసలు దాదాపు 11,300. 20 ఏళ్లు పూర్తయ్యేసరికి చెల్లించేది లక్షకు 2,16,000 దాకా. ఈ లెక్క చూసి, ఐదేళ్లలోపు ఊరు మారే అవకాశం ఉంటే అసలు కొనడమే మానేస్తారు. కొన్నప్పటి ఖర్చులు, అమ్మేటప్పటి ఖర్చులు కలిస్తే ఆ కొద్దికాలానికి అద్దే నయమట. ఇలాంటి మాటలు వింటే ఎవరికైనా ఉత్సాహం చచ్చిపోదూ?

ఇంటి ధర విన్నాక డబ్బు వెతుక్కోవడం లోకరీతి. వీళ్లు తిరగేసి చేస్తారు. చేతిలో ఉన్న సొమ్ములోంచి ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెడతారు. రిజిస్ట్రేషన్, పన్నులు, లాయరు ఫీజు, సామాను తరలింపు, దిగిన వెంటనే తప్పని మరమ్మతులు తీసేస్తారు. ఆ మిగిలిందే మన వాటాగా కట్టగలిగిన సొమ్మంటారు. అందులోనూ కొంత ఆపుకుంటారు. ఎందుకయ్యా అంటే, అమ్మేవారు 100 అడిగిన ఇంటికి బ్యాంకు మనిషి వచ్చి 92 అని విలువ కడితే, అప్పు ఆ 92 మీదే ఇస్తారు, మిగతా 8 మన జేబులోంచే కదా అంటారు. ఆ తర్వాతే ముందస్తు మంజూరు పత్రం, అంటే ఎంత అప్పు ఇవ్వగలదో బ్యాంకు ముందే రాసిచ్చే కాగితం కోసం వెళ్తారు. సాధారణంగా దాని ఆయుష్షు కొన్ని నెలలే కాబట్టి, ఇళ్లు చూడబోయే ముందే తీసుకుంటారు. దానికి తోడు, అడుగుతున్న ధరలు చూడకుండా, అదే వీధిలో ఈమధ్య నిజంగా అమ్ముడైన ధరలు ఆరా తీస్తారు. అడిగే ధర కోరిక, అమ్ముడైన ధర నిజం అని పెద్ద తత్వం కూడాను.

ఇక ఫొటోలు. హాలు మైదానంలా కనిపిస్తే మనం మురిసిపోతాం. వీళ్లు ఫొటో అంచుల్లో ఉన్న గడియారం కేసి చూస్తారు. గుండ్రటి గడియారం కోడిగుడ్డులా సాగితే అది వెడల్పు లెన్సు మహిమట. గది నిజం కొలత టేపే చెప్పాలట.

అసలు బాధంతా ఇంట్లో అడుగుపెట్టాకే. మనం సోఫా ఎక్కడ వేయాలో ఆలోచిస్తుంటే వీళ్లు జేబులోంచి నాణెం తీస్తారు. నేల మీద టైల్సును ఒక్కొక్కటే తట్టుకుంటూ పోతారు. గట్టిగా పలికితే సరే, డొల్లగా మోగితే కింద సిమెంటు పట్టలేదని రాసుకుంటారు. స్నానాల గదిలో ఒక మూల మగ్గుడు నీళ్లు పోసి, తూము వైపు వెళ్తున్నాయా, మూలలోనే మడుగు కడుతున్నాయా అని కాచుకుని కూర్చుంటారు. పైఅంతస్తు కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి, ధార ఎంత సన్నబడుతుందో చూస్తారు. సింకు కింద అల్మరా తలుపు తీసి, తల లోపల పెట్టి వాసన చూస్తారు. ఇల్లంతా పాత రంగుండి ఒక్క మూలే కొత్తగా మెరుస్తుంటే, ‘ఇక్కడెందుకండీ వేయించారు?’ అని అడుగుతారు. అమ్మేవారు ముచ్చటపడి వేయించుకున్న మూలను అలా అవమానించవచ్చా? గోడ అడుగున తెల్లటి పొడి రాలితే చెమ్మ అంటారు. పై ఇంటి స్నానాలగది కింద సీలింగు మీద గోధుమరంగు వలయం కనిపిస్తే ఫొటో తీస్తారు. పైపూతలో వెంట్రుకవాసి గీతలకు బెదరరు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన పగులు 5 మిల్లీమీటర్లు దాటితే మాత్రం ఇంజినీరును తీసుకొస్తామని లేచిపోతారు.

వెళ్లినవాళ్లు ఊరుకుంటారా! పనిరోజు పొద్దున్నే ఆఫీసు వేళకు ఒకసారి వచ్చి, వీధి మలుపు దాటడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. రాత్రి పదికి ఇంకోసారి వచ్చి చప్పుళ్లు వింటారు. పెద్ద వాన పడిన మర్నాడు మళ్లీ ప్రత్యక్షం. చుట్టుపక్కల ప్రహరీల మీద మోకాలి ఎత్తున బురద గీత ఉందేమో వెతుకుతారు. రంగు, అల్మరాలు, లైట్లు మార్చుకోవచ్చు, గాలీ వెలుతురూ పల్లపు నేలా మార్చలేమని వీళ్ల గోల. మార్చుకోగలిగిన వాటిని చూసే కదా మనం ఇల్లు కొనేది.

కాగితాల సంగతి క్లుప్తంగానే చెప్తాం, ఎందుకంటే ఆ భాగం ఎలాగూ ఎవరూ చదవరు. వీళ్లు అమ్మేవారు చూపించిన లాయరును కాదని సొంతంగా ఇంకొకరిని పెట్టుకుంటారు. ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరసగా అడుగుతారు. వాటాదారులంతా సంతకం పెడతారా, పాత తాకట్టు తీరిందా, మేడ మీద గదికి అనుమతి ఉందా అని ఆరా. అడ్వాన్సు కూడా కొంచెమే ఇస్తారు. అప్పు రాకపోయినా, కాగితాల్లో లొసుగు తేలినా ఆ డబ్బు తిరిగివ్వాలని రాయించుకుంటారు. మధ్యవర్తి కమీషను ధరలో శాతం కాబట్టి, ధర పెరిగితే ఆయనకు బాధేమీ ఉండదని గుర్తుపెట్టుకుని మరీ ఆయనిచ్చిన టీ తాగుతారు. కృతజ్ఞత లేని జాతి.

ఇంత చేసీ చివరికి ఎక్కడ వెనక్కి తగ్గుతారో చూడండి. పడగ్గది తలుపు గుమ్మంలో పట్టేస్తోంది. ‘చెక్క కదండీ, వానకు ఉబ్బింది’ అన్నారు అమ్మేవారు. ఎవరైనా నమ్మే మాటే. అనుమానపు పక్షి మాత్రం టేపు తీసి, ద్వారబంధం పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు కొలిచింది. తర్వాత రెండో ఐమూల కొలిచింది. చట్రం సరిగ్గా ఉంటే రెండు కొలతలూ సమానంగా రావాలి, ఇక్కడ రెండు సెంటీమీటర్ల తేడా వచ్చింది. తలుపు ఉబ్బలేదు, చట్రమే ఒరిగింది, గోడ కింద పునాది దిగుతోందేమో తేల్చుకోవాలి అంటూ దండం పెట్టి వెళ్లిపోయింది.

ఇలాంటి ఇళ్లు ఎక్కువ రోజులు ఆగవు లెండి. వచ్చే ఆదివారం ఇంకో కుటుంబం వస్తుంది, 18 నిమిషాల్లో మాట అయిపోతుంది. మిగిలిన రెండు నిమిషాల్లో అలాంటి టేపే అడిగి తీసుకుని, కర్టెన్లకు కొలతలు తీసుకుంటారు.