దేవుడు ఒక్కడే, వియ్యమే లేదు

పుష్య మాసపు అమావాస్య రాత్రి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో నాగదేవుడైన నాగోబాకు మహాపూజ చేసేది మెస్రం వంశపు గోండులు. ఆ పూజకు కుండలు చేసిచ్చేది సిరికొండ కుమ్మరులు. గోండుల వంశకథలు తరతరాలుగా పాడుతున్నది ప్రధాన్, తోటి తెగల వారు. ఊళ్లో స్థలదేవతను శాంతపరచాలంటే గోండులే చాలాచోట్ల కొలాం తెగ పూజారిని పిలుచుకుంటారు. ఒకరింట్లో గోండి, ఒకరింట్లో కొలామీ, ఒకరింట్లో మరాఠీ. సంతలో కలిస్తే ఏది నోటికొస్తే అది. ఇంత కలిసి బతికినా పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం లేదు.

ఉట్నూరు, జైనూరు గుట్టలేమీ హిమాలయాలు కావు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అవతలి గూడెంలో ఉంటాం. అయినా పక్కపక్క గూడేల వాళ్లు జన్యుపరంగా ఎందుకు వేరవుతారో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పని చదివితే అర్థమవుతుంది. 2009లో వారు దేశంలోని 25 సముదాయాల డీఎన్‌ఏ పరిశీలించారు. దాదాపు అందరిలోనూ రెండు పాత మూలాలు కలిసే ఉన్నాయి, పాళ్లే తేడా. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య జరిగిందని 2013లో లెక్కగట్టారు. అంటే ఒకప్పుడు అందరూ అందరితో వియ్యమందారు. ఆ తర్వాతే తలుపులు మూసుకున్నాయి.

తలుపు మూసుకున్న చిన్న గుంపులో ఏం జరుగుతుంది? తొలి పూర్వీకుల్లో ఏ ఒక్కరికో ఉన్న లోపం, పెళ్లిళ్లన్నీ ఆ వలయంలోనే తిరుగుతుంటే, తరాల తర్వాత తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే బిడ్డకు చేరుతుంది. నాలుగు దేవతల వారు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారు అని గోండుల్లో సగలనే వంశ విభాగాలున్నాయి. ఒకే సగలో పెళ్లి నిషిద్ధం. మేనరికాన్ని ముద్దుగా చూసుకునే మన పట్నాల వాళ్లు ఆ నియమాన్ని చూసి నవ్వే ముందు ఆలోచించుకోవాలి. అయితే సగ మారినా పెద్ద వలయం మారదు, అదీ నిజమే.

ఇది అడవికే పరిమితమైన సంగతి అనుకునేవారికి ఇంకో మాట. 2009 అధ్యయనంలో అన్నిటికంటే పాత మూసివేత కనిపించింది మన వైశ్యుల్లో, వంద తరాలకు పైబడినది. ఆపరేషన్‌కు ముందు కండరాలను సడలించే ఒక మందు వారిలో కొందరికి పడదు, మత్తు వదిలినా ఊపిరి అందదు. తెలిసిన మత్తు డాక్టరు అందుకే ముందే అడుగుతాడు. కులం అడిగితే ప్రాణం నిలిచే సందర్భం బహుశా ఇదొక్కటే.

గిరిజన ప్రాంతాల్లో ఆ ప్రశ్న పేరు సికిల్ సెల్, వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు. మలేరియా అడవుల్లో ఈ జన్యువు ఒకటే ఉన్నవారికి అది రక్షణ ఇచ్చింది, అందుకే నిలిచింది. రెండూ వస్తే జబ్బు. దాన్ని 2047 నాటికి లేకుండా చేస్తామని కేంద్రం 2023 జూలై 1న మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలన్నది. పరీక్ష మంచిదే. ఫలితం రాసిన కార్డు చేతికొచ్చాక ఏం చెప్పారన్నదే మా ప్రశ్న. వాహకులు, అంటే ఆ జన్యువు ఒకటే ఉన్నవారు, రోగులు కారు. వాహకురాలైన పిల్ల వాహకుడూ రోగీ కాని వాడిని చేసుకుంటే పిల్లలకు ఈ జబ్బు రాదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ముప్పు. ఈ మూడు మాటలు కొలామీలో చెప్పకుండా కార్డు ఇస్తే గూడెంలో ఆడపిల్లకు సంబంధం తప్పిపోతుంది. ఇక కార్డు ఇచ్చిన పీహెచ్‌సీలో ఆ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా మందు లేకపోతే ఆ కార్డు ఎందుకు?

మాకు ఇంకో భయమూ ఉంది. ఎస్టీ జాబితా మీద ఆదిలాబాద్ నుంచి ములుగు దాకా సాగుతున్న తగాదాలో రేపెవరో డీఎన్‌ఏ రిపోర్టు ఊపుతూ వస్తారు. రక్తం అంత సూటిగా మాట్లాడదు. గోండి తెలుగుకు దగ్గరి చుట్టం, కానీ గోండుల జన్యువుల్లో వేరే భాషా కుటుంబమైన ముండా భాషల వారితో పోలికలు ఎక్కువని 2017లో తేలింది. మరి వారిని ఎవరి వైపు లెక్కేస్తారు? తెగల గుర్తింపుకు 1965లో లోకూర్ కమిటీ పెట్టిన కొలమానాల్లో రక్తపరీక్ష లేదు, ఉండకూడదు కూడా.

అమెరికాలో హవసుపాయ్ తెగ వారు 1990లలో షుగర్ జబ్బు పరిశోధన అనుకుని రక్తమిచ్చారు. దాన్నే వలసల చరిత్రకూ మానసిక రోగాలకూ వాడారని తెలిసి కోర్టుకెక్కారు. 2010లో రక్తం తీసుకున్న అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిహారమిచ్చి, నమూనాలు వెనక్కిచ్చింది. మన గుట్టల్లో సూది పట్టుకుని వచ్చే ప్రతి బృందమూ ఎందుకు తీస్తున్నదీ, ఎక్కడ దాస్తున్నదీ, ఏం తేలిందీ గూడేనికి చెప్పి తీరాలని ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఒక నియమం పెట్టాలి.

జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, 1940లలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టించిన దర్బారు కేస్లాపూర్ జాతరలో నేటికీ జరుగుతోంది. అధికారులు వస్తారు, అర్జీలు తీసుకుంటారు. ఈసారి అర్జీలకు ముందు ఓ పది నిమిషాలు, ఇన్నాళ్లూ తీసుకెళ్లిన రక్తంలో ఏం తేలిందో గోండిలో, కొలామీలో చదివి వినిపించండి. మైకు ఎలాగూ అక్కడే ఉంటుంది.