ముందు పరుగెత్తే వాళ్లకు ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పాలి?

హైవే పక్కన టీ కోసం ఆగినప్పుడు అక్కడ నిలిపిన ట్యాంకర్ల వెనక భాగం చదవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. గ్యాస్ ట్యాంకర్‌కి వెనకా పక్కలా ఒక పలక ఉంటుంది. దాని మీద '2'తో మొదలై 'ఈ'తో ముగిసే ఒక కోడ్, దాని కింద 1075 అనే నంబరు, డైమండ్ ఆకారంలో మంట బొమ్మ, ఒక ఫోన్ నంబరు. ఒకసారి పక్కనే టీ తాగుతున్న పెట్రోలింగ్ కానిస్టేబుల్‌ని అడిగాను, "ఆ నంబరేంటండీ?" అని. "కంపెనీ వాళ్లదేమో సార్" అన్నాడు. ట్యాంకర్ బోల్తా పడితే మీరేం చేస్తారంటే, ట్రాఫిక్ ఆపి ఫైర్ వాళ్లకి ఫోన్ చేస్తామన్నాడు. ఎంత దూరంలో ఆపుతారని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి, "ఓ యాభై మీటర్లు" అన్నాడు.

1075 అంటే ఎల్పీజీ. కోడ్‌లో మొదటి '2' నీళ్లను సన్నటి తుంపరగా కొట్టమని ఫైర్ వాళ్లకి చెప్పే మాట. చివరి 'ఈ' చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయమనే హెచ్చరిక. అమెరికా, కెనడా, మెక్సికో కలిసి తెచ్చే అత్యవసర స్పందన గైడ్‌బుక్ ప్రకారం, ఎల్పీజీ ట్యాంకర్ మంటల్లో చిక్కుకుంటే అన్ని వైపులా 1600 మీటర్లు ఖాళీ చేయించాలి. ఆయన చెప్పింది యాభై. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆ పలకను 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు తప్పనిసరి చేశాయి. ఆ బండి నడిపే డ్రైవరుకు ప్రత్యేక శిక్షణ కూడా పెట్టాయి. బండి పడిపోయాక ముందు పరుగెత్తుకొచ్చే మనిషికి ఆ పలక చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

రసాయన ప్రమాదం అనగానే మనకు ఒళ్లంతా కప్పేసే సూట్లు వేసుకున్న ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందాలు గుర్తొస్తాయి. వాళ్లు కావాలి, వాళ్ల పని వాళ్లు గొప్పగా చేస్తారు. కానీ వాళ్లు వచ్చేసరికి గంటలు గడుస్తాయి. మొదటి ఇరవై నిమిషాల్లో అక్కడ ఉండేది స్టేషన్ కానిస్టేబుల్, 108 సిబ్బంది, మండల కేంద్రం నుంచి వచ్చిన ఫైరింజన్, పక్క వీధి కుర్రాళ్లు. చావులు ఎన్ని అన్నది చాలావరకు ఆ ఇరవై నిమిషాల్లోనే తేలిపోతుంది. మన డబ్బూ శ్రద్ధా వెళ్లాల్సింది ముందు అక్కడికి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమెరికాలో కార్మిక భద్రతా నిబంధనలు ఈ శిక్షణను మెట్లుగా విడదీశాయి. మొదటి మెట్టులో నేర్పేది చాలా తక్కువ: ఇది ప్రమాదకర పదార్థమని గుర్తుపట్టు, దూరంగా ఉండు, జనాన్ని దూరం పెట్టు, సరైన వాళ్లకి సమాచారం ఇవ్వు. ముట్టుకోకు. రెండో మెట్టుకి కనీసం ఎనిమిది గంటలు. లీకు దగ్గరికి వెళ్లి వాల్వు కట్టేసే టెక్నీషియన్‌కి కనీసం ఇరవై నాలుగు గంటలు. వినడానికి మొదటి మెట్టు చిన్నదిగా ఉంటుంది కానీ, మనిషి స్వభావానికి ఎదురు నిలిచేది అదే. పోలీసు, ఫైర్ ఉద్యోగాల్లో చేరే వాళ్లు ఎవరైనా అరిస్తే పరుగెత్తే మనుషులు. వాళ్లని ఆగమని చెప్పడం, ఆగడం పిరికితనం కాదని నమ్మించడం తేలిక కాదు. ఒక సర్క్యులర్‌తో అయ్యే పని అసలే కాదు.

ఆగకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2013 ఏప్రిల్ 17న టెక్సస్‌లోని వెస్ట్ అనే చిన్న ఊళ్లో జరిగింది చాలు. అక్కడ ఎరువుల గోదాములో మంటలు లేచాయి. ఆ ఊరి వలంటీర్ ఫైర్‌మెన్ వెంటనే వెళ్లారు. దాదాపు ఇరవై నిమిషాలకు లోపలున్న అమ్మోనియం నైట్రేట్ పేలింది. చనిపోయిన 15 మందిలో 12 మంది మంటలార్పడానికి, సాయం చేయడానికి వెళ్లిన వాళ్లే. వాళ్లకి ధైర్యం తక్కువై కాదు. లోపలున్నది ఎలా ప్రవర్తిస్తుందో వాళ్లకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మన దగ్గరికొస్తే, 2020 మే 7న విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీదికి వచ్చింది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ముందుగా చేరిన పోలీసుల్లోనూ కొందరు అస్వస్థులయ్యారు. ప్రత్యేక బృందం పుణె నుంచి విమానంలో రావాల్సి వచ్చింది. ట్యాంకులో జరుగుతున్న చర్యను ఆపే రసాయనం గుజరాత్ నుంచి రావాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ గేటుతో సహా 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా అది మోగలేదని తర్వాత ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువైనది. నేలబారుగా పాకుతుంది, పల్లంలోకి, కాలువల్లోకి దిగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే జనాన్ని ఏ వీధి గుండా, ఎటు తీసుకెళ్లాలో మారిపోతుంది. పారిపోయేటప్పుడు మెరకకి వెళ్లాలి, గాలి వచ్చే దిక్కుకి అడ్డంగా పక్కకి తప్పుకోవాలి. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టిన రైతుకి పొట్టు ఎటు ఎగురుతుందో ఎవరూ నేర్పక్కర్లేదు. గాలికి ఏ పక్కన నిలబడాలో చేతికే తెలుసు. ఆ చూపునే గ్యాస్ మీద పెట్టడం నేర్పాలి, అంతే. పైన చెప్పిన గైడ్‌బుక్‌లో స్టైరీన్ నంబరు 2055 వెతికితే దారి చూపే పేజీ 128, పక్కన 'పీ' అనే అక్షరం. వేడెక్కితే దానంతట అదే చర్య మొదలుపెట్టి ఇంకా వేడెక్కే స్వభావం ఉందని దానర్థం. ఆ రోజు ట్యాంకులో జరిగింది అదే.

శిక్షణ లేకపోతే మంచి మనసుతో చేసే పని కూడా ఎలా ఎదురు తిరుగుతుందో చూడండి. గ్యాస్ పైపు దగ్గర మంట జెట్‌లా మండుతుంటే ఎవరికైనా ముందు దాన్ని ఆర్పాలనిపిస్తుంది. కానీ లీకు ఆపే వీలు లేకుండా మంట మాత్రమే ఆర్పితే, గ్యాస్ మండకుండా చుట్టూ పరుచుకుంటుంది. ఇంకో నిప్పురవ్వ దొరికిందంటే ఆ ప్రాంతమంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. మంటను మండనిచ్చి, వీలైనంత దూరం నుంచి ట్యాంకును నీళ్లతో చల్లబరుస్తూ, వాల్వు కట్టే దారి వెతకాలి. ట్యాంకు పైభాగం మంటల్లో కాలుతూ చల్లబడే దారి లేకపోతే అక్కడి నుంచి వెనక్కి రావాలి. 1973లో అరిజోనాలోని కింగ్‌మన్‌లో ప్రొపేన్ రైలు ట్యాంకు పేలి 11 మంది ఫైర్‌మెన్ పోయారు.

నీళ్ల సంగతీ అంతే. భీమవరం, నెల్లూరు, కాకినాడ వైపు ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లు ఉన్నచోట అమ్మోనియా ఉంటుంది. గాలిలో ఉన్న అమ్మోనియా ఆవిరిని నీటి తుంపర బాగా పీల్చుకుంటుంది. అదే నేల మీద మడుగు కట్టిన ద్రవ అమ్మోనియా మీద నీళ్లు కొడితే అది ఇంకా ఎక్కువ ఆవిరి కక్కుతుంది. పుస్తకంలో అమ్మోనియా గాలి కంటే తేలిక అని ఉంటుంది. ద్రవం నుంచి ఒక్కసారిగా బయటపడినప్పుడు మాత్రం చల్లటి పొగమంచులా నేలను పట్టుకునే పాకుతుంది. పొడి పదార్థం సన్నగా పేరుకున్న ఫ్యాక్టరీలో అయితే హోస్‌తో బలంగా కొట్టిన నీళ్లే ఆ పొడిని గాల్లోకి లేపి రెండో పేలుడుకి దారి తీయొచ్చు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో యాభైకి పైగా ప్రాణాలు తీసిన పేలుడు తర్వాత, ఈ పొడి సంగతి మన ఫైర్ స్టేషన్లలో ప్రతి రిక్రూట్‌కీ తెలిసి ఉండాలి.

ఇంకో చోటు ఉంది, దాన్ని మనం అసలు రసాయన ప్రమాదంగా లెక్కే వేయం. మురుగు ట్యాంకు, పాడుబడ్డ బావి. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర రొయ్యల ప్లాంటు ట్యాంకులో ఐదుగురు చనిపోయారు. ఇలాంటి వార్తలు చదివేటప్పుడు ఒక వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకరు దిగి పడిపోతారు, లేపడానికి రెండో మనిషి దిగుతాడు, తర్వాత మూడో మనిషి. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. "వాసన పోయింది, ఇక పర్లేదు" అనుకున్న మనిషి లోపలికి దిగుతాడు. నడుముకి తాడు, చేతిలో గ్యాస్ డిటెక్టర్, వీపున గాలి సిలిండరుతో ఊపిరి అందించే బీఏ సెట్ లేకుండా ఎవరూ దిగకూడదన్న మాట కానిస్టేబుల్ నోటి వెంట వస్తే ఊళ్లో వింటారు.

ఆసుపత్రుల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ ప్రమాదం కనిపించదు. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో నరాలను దెబ్బతీసే సారిన్ అనే విషం వదిలినప్పుడు, బాధితులను మోసిన అంబులెన్స్ సిబ్బందిలో 135 మందికి లక్షణాలు కనిపించాయి. బాధితుల బట్టల నుంచి, ఒంటి నుంచి వచ్చిన ఆవిరే కారణం. మనకెందుకీ సారిన్ గొడవ అనుకోవద్దు. మన పల్లెల్లో చేల మీద ఏళ్ల తరబడి కొట్టిన మోనోక్రోటోఫాస్ లాంటి మందులు కూడా అదే ఆర్గానోఫాస్ఫరస్ కుటుంబానివి. పురుగుమందు తాగిన వాళ్లని మోసుకొచ్చే 108 సిబ్బందికి, చొక్కా తడిసిపోయిన మనిషిని బెడ్ మీదికి చేర్చే నర్సుకి ఆ వాసన కొత్త కాదు. ఈ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఇవ్వడం మన జిల్లా ఆసుపత్రుల్లో డాక్టర్లకి కొట్టిన పిండి. కానీ గేటు బయటే బట్టలు తీసేయించి, ఒళ్లు కడిగి లోపలికి తేవాలన్న పద్ధతి, ఆ పని చేసేవాళ్ల చేతులకి సరైన గ్లౌజులు ఎన్నిచోట్ల ఉన్నాయి? ఒంటి మీద పడ్డ విషంలో ఎక్కువ భాగం బట్టలతోనే పోతుంది. దానికి కావాల్సింది ఒక టెంటు, ఒక నీళ్ల పైపు, కప్పుకోవడానికి దుప్పట్లు.

"ముందు ఫైరింజన్లకే దిక్కులేదు, ఖాళీలే భర్తీ కాలేదు, ఇదంతా ఎక్కడ?" అనే వాదన నాకు తెలుసు. అందులో నిజం ఉంది. అందుకే నేను ముందుగా అడిగేది సూట్లు కాదు. పోలీసు శిక్షణ కళాశాలలో, 108 సిబ్బంది శిక్షణలో, ఫైర్ రిక్రూట్ కోర్సులో ఒక్క పూర్తి రోజు, ఏటా దానికో రివిజన్. అది తెలుగులో ఉండాలి, చేతులతో చేయించాలి: పలక చదివించాలి, రుమాలు ఎగరేసి గాలి దిక్కు చూపించాలి, 1600 మీటర్లంటే ఎంతో జీపులో తిప్పి చూపించాలి. ఆ గైడ్‌బుక్ లాంటిది మన భాషలో జేబులో పట్టేలా ప్రతి పెట్రోలింగ్ బండిలో ఉండాలి. ప్రతి ఫ్యాక్టరీ తన దగ్గర ఏది ఎన్ని టన్నులుందో, రాత్రి షిఫ్టులో ఎవరికి ఫోన్ చేయాలో రాసిన ఒక్క పేజీ దగ్గరి ఫైర్ స్టేషన్ గోడ మీద అంటించాలి. సూట్లు, డిటెక్టర్లు, నిపుణుల బృందాలు విశాఖ, సంగారెడ్డి లాంటి ఫ్యాక్టరీల జిల్లాల్లో అక్కడే ఉండాలి. అది రెండో ఖర్చు.

ఇక మాక్ డ్రిల్. 1989 ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం ఫ్యాక్టరీ లోపలి అత్యవసర ప్రణాళిక మీద ఆరు నెలలకోసారి, బయటి ప్రణాళిక మీద ఏడాదికి కనీసం ఒకసారి డ్రిల్ జరగాలి. నేను చూసిన ఒక డ్రిల్ ఉదయం పదకొండింటికి మొదలైంది. షామియానా వేశారు, అందరికీ ముందే తెలుసు, పొగడబ్బా ఎక్కడ పెడతారో కూడా తెలుసు. చక్కగా జరిగింది, అందరూ కష్టపడ్డారు, నేను కాదనను. కానీ పక్క ఊరి వాళ్లు గోడ అవతల నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒక్కరికీ అందులో పని లేదు. వెంకటాపురంలో ఆవిరి వచ్చిన వేళకి షామియానా లేదు, ఆఫీసర్లు లేరు. ఏడాదిలో ఒక్కసారైనా చెప్పకుండా, తెల్లవారుజామున మూడింటికి సైరన్ మోగించి చూడాలి. గేటు దగ్గర ఒంటరిగా ఉన్న సెక్యూరిటీ గార్డు ఏ బటన్ నొక్కుతాడో, స్టేషన్లో నైట్ డ్యూటీ హోంగార్డు మొదటి ఫోన్ ఎవరికి చేస్తాడో, 108 డ్రైవరు బండిని గాలికి ఏ పక్కన ఆపుతాడో, ఊళ్లో తలుపులు ఎవరు తడతారో ఆ రాత్రి రాసుకోవాలి.