గ్రంథాలయ సెస్సు లెక్క అడగాల్సింది ఉద్యోగులు ఒక్కరే కాదు

జీతాలు, పింఛన్లు, ఖాళీల భర్తీ, పార్ట్‌టైమ్ సిబ్బంది భద్రత. గ్రంథాలయ ఉద్యోగుల వినతిపత్రాల్లో ఉండే డిమాండ్లు నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఇవే. అన్నీ న్యాయమైనవే. అయితే వాటన్నిటికంటే పైన ఉండాల్సింది గ్రంథాలయ సెస్సు. ఆ డిమాండు కింద పాఠకుల సంతకాలు కూడా ఉండాలి.

మనం కట్టే ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పడుతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. ఏటా 2,000 రూపాయల పన్ను కట్టే ఇల్లు 160 రూపాయలు ఇస్తున్నట్టు. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఈ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం రాష్ట్రమంతటా ఉన్న జబ్బే. పుస్తకాల కోసమని జనం దగ్గర తీసుకున్న సొమ్మును వేరే ఖర్చులకు వాడుకునే హక్కు ఏ స్థానిక సంస్థకూ లేదు.

ఫోన్లు వచ్చాక లైబ్రరీకి ఎవరు వస్తున్నారని కొందరంటారు. పోటీ పరీక్షల నోటిఫికేషన్ పడ్డాక రీడింగ్ రూమ్‌కి ఒకసారి వెళ్లి చూస్తే తెలుస్తుంది. కోచింగ్‌కు డబ్బుల్లేని పిల్లలకు ఆ కుర్చీ, ఆ ఫ్యాను, ఆ పుస్తకమే దిక్కు.

ఈ నేలకు చదువుతో కలిసి నడిచిన పోరాటాలు కొత్త కాదు. నిన్నమొన్నటి వరకు ప్రకాశంలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో కలిసిన వేటపాలెంలో, 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయాన్ని నిలబెట్టింది ఊరి యువకులే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు, చదువుకున్న పాఠాన్నే పట్టుకుని సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. అక్షరం చేతికొచ్చిన మనిషి లెక్క అడుగుతాడు. స్థానిక పాలన బాగుపడాలంటే మొదట కావాల్సింది ఆ అడిగే అలవాటే.

అందుకే ఉద్యోగ సంఘాలు కలెక్టరేట్ దగ్గరే ఆగిపోకూడదు. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన పోటీలతో పాటు, ప్రతి శాఖా గ్రంథాలయం బోర్డు మీద ఆ ఊరు వసూలు చేసిన సెస్సు ఎంతో, జమ చేసింది ఎంతో రాసి పెట్టాలి. ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు పాఠకులను వెంటబెట్టుకుని వెళ్లాలి.