ముందు ఫర్మ్‌వేర్ సంగతి చెప్పండి

సర్వర్ వైద్యం బాగా సులువైపోయింది. రోగం ఏదైనా సర్వర్ కంపెనీ సపోర్ట్ వారి దగ్గర మందు ఒక్కటే, ఫర్మ్‌వేర్ అప్‌డేట్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్. ఫ్యాన్ ఆగిపోయిందా? ఫర్మ్‌వేర్. పవర్ సప్లై నుంచి కాలిన వాసన వస్తోందా? అయ్యో, మీది ఏ వెర్షన్ సార్?

ర్యామ్ సంగతే చూడండి. ఈసీసీ ర్యామ్, అంటే తన తప్పులు తానే పట్టుకునే మెమరీ, ఒక బిట్ తప్పితే తానే దిద్దుకుంటుంది. రెండు తప్పితే పట్టుకుంటుంది గానీ దిద్దలేదు. ఏ స్లాట్‌లో తేడా వచ్చిందో సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండే బీఎంసీ అనే చిప్ టైముతో సహా లాగ్‌లో, అంటే దాని చిట్టాలో, రాసి పెడుతుంది. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు అందుతుంటే చాలు, ఆ లాగ్ చదవచ్చు. ఇంకా అనుమానముంటే ఆ ర్యామ్‌ను వేరే స్లాట్‌లోకి మార్చి చూడాలి. తప్పు దాని వెంటే వెళ్తే ర్యామ్ పోయినట్టు, పాత స్లాట్‌లోనే ఉండిపోతే బోర్డునో ప్రాసెసర్‌నో అనుమానించాలి. ఇంత తేలికైన పరీక్షను సపోర్ట్ వారి శాస్త్రం ఎలా ఒప్పుకుంటుంది?

ఇక డిస్క్ పోయినప్పుడు చూడాలి వైభవం.

"సార్, డిస్క్ పోయింది, నారింజ లైటు వెలుగుతోంది."

"లాగ్స్ పంపండి."

"నిన్ననే పంపాం."

"అవి నిన్నటివి. ఈరోజువి కావాలి."

"నిన్న పోయిన డిస్క్ ఈరోజూ పోయే ఉందండీ."

"ఒకసారి తీసి మళ్లీ పెట్టారా?"

"పెట్టాం."

"ఈసారి కాస్త నెమ్మదిగా పెట్టి చూడండి. నా షిఫ్ట్ అయిపోయింది, ఇంకొకరు మాట్లాడతారు."

ఆ ఇంకొకరి మొదటి మాట: "చెప్పండి సార్, ప్రాబ్లం ఏంటి?"

అది రైడ్ 5 అయ్యా, కొన్ని డిస్కులను కలిపి ఒక్కటిగా వాడే పద్ధతి! ఒక డిస్క్ పోతే తట్టుకుంటుంది. రెండోది పోతే డేటా మొత్తం పోతుంది. కొత్త డిస్క్ పెట్టాక రీబిల్డ్ కోసం, అంటే పోయిన డిస్క్‌లోని డేటాను దానిమీద మళ్లీ కట్టడానికి, మిగతా డిస్కులన్నీ మొదటినుంచి చివరిదాకా చదవాలి. అవీ పోయినదాని ఈడువే, దానిలాగే అరిగినవే. మీరు లాగ్స్ అడుగుతూ కూర్చున్న ప్రతి గంటా మా డేటాతో జూదం. నాలుగు గంటల్లో పార్ట్ పంపుతామని డబ్బు కట్టించుకున్నారు కదా? ఆ నాలుగు గంటలు డయాగ్నోసిస్ పూర్తయ్యాకే మొదలవుతాయట! అందుకేగా డయాగ్నోసిస్ ఎప్పటికీ పూర్తికాదు. తెలియక అడుగుతున్నారనుకునేంత అమాయకులం కాము.

రెండో డిస్క్ కూడా పోయాక "బ్యాకప్ ఉంది కదా సార్?" అంటారు, ఎంతో ఆప్యాయంగా. ఉంది. మా జాగ్రత్త మీ బద్ధకానికి పూచీకత్తు కాదు. ముందు డిస్క్ పంపండి.